రాతిపువ్వుకి తెలియకుండా

ఆ ఒక్క సాయంత్రం నోరు మూసుకుని కూర్చుంటానని మేస్త్రి పొద్దున్నే పెళ్ళానికి మాటిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. టీ గ్లాసు చేతికివ్వకుండా పొయ్యి దగ్గర నిలబెట్టి మరీ ఆవిడ ఆ మాట ఇప్పించుకుంది.

"టీచరమ్మ వస్తుంది, రాయి చూస్తుంది, ఒక మాట చెప్పి వెళ్తుంది. అందాకా మీరు బల్ల మీద బొమ్మలా కూర్చోవాలి. ఎవరేం అడిగినా తలూపాలి, అంతే," అంది.

"తల కూడా ఊపను," అన్నాడాయన.

అడిగినదానికన్నా ఎప్పుడూ ఓ పిసరు ఎక్కువే చెప్తాడాయన. అందుకే ఆవిడకి అప్పుడే కాస్త అనుమానం వేసింది.

ఆవిడ భయమంతా తమ టీ కొట్టుకీ పక్క గోడౌనుకీ మధ్య పాతి ఉన్న హద్దురాయి గురించి. ఆ రెండు జాగాలకీ అదొక్కటే గుర్తు. గోడౌను కొత్తగా కొన్న పెద్దమనిషి వచ్చిన కొన్నాళ్ళకే రాయి తన వైపు జరిగి ఉందన్నాడు. పక్కన రాళ్ళ మేస్త్రి ఉండగా రాయి జరగడం ఎంతసేపు, అని నలుగురి ముందూ నవ్వుతూనే అన్నాడు. ఆయన చెప్పిన చోట హద్దు పడితే పొయ్యి, పందిరి, బల్లలు అన్నీ గోడౌను జాగాలోకి పోతాయి. అక్కడ లారీలు తిప్పుకోవాలని ఆయన ఆలోచన. కొట్టు పోతే మొగుడూ పెళ్ళాలకి ఇంకో ఆధారం లేదు. మేస్త్రి పనికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, నా చేతికి తగ్గ రాయి దొరకడం లేదంటాడు. నీళ్ళ డబ్బాలు మోసేది ఆవిడే, షట్టరు ఎత్తేది ఆవిడే. ఆయన బల్ల మీద కూర్చుని వచ్చినవాళ్ళకి కబుర్లు చెప్తాడు. జనం ఆయన్ని మహారాజు అంటారు, అదీ ఆవిడ వింటుండగానే. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది.

టీచరమ్మని పిలుద్దామన్నది ఇటు కొట్టువాళ్ళకీ అటు గోడౌనాయనకీ నచ్చిన మాట. బడిలో చెట్లూ చేమల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరి పక్షం వహించే రకం కాదు. ఆవిడ ఏం చెప్తే అదే హద్దని రెండు వైపులా ఒప్పుకున్నారు.

సాయంత్రం టీచరమ్మ వచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుని రాయి పక్కన నేల మీదే చతికిలబడింది. రాయి మీద, ఎండి లేచిన సున్నం పెచ్చులాగా, బూడిద రంగు మచ్చ ఒకటి ఉంది. పుస్తకాల్లో దాన్ని లైకెన్ అంటారని ఆవిడ చెప్పింది. మేస్త్రీలందరూ రాతిపువ్వు అనేది దాన్నే. టీచరమ్మ భూతద్దం పెట్టి చూసింది. సీసాలోంచి నాలుగు చుక్కలు పోసింది. బూడిద రంగు మెల్లగా ఆకుపచ్చకి తిరిగింది.

"చచ్చిందనుకున్నా," అన్నాడు టైలరు. కొట్టుకి ఎదురుగానే ఆయన షాపు. మిషను వదిలేసి వచ్చి నిలబడ్డాడు.

"చావదు, ఎండకి నిద్రపోతుంది. తడి తగిలితే లేస్తుంది," అంది టీచరమ్మ. "ఇందులో ఉన్నది ఒక ప్రాణి కాదయ్యా, రెండు. ఒకటి బూజు జాతిది, ఇల్లు కట్టి కాపాడుతుంది. రెండోది పాచి జాతిది, ఎండలో వంట చేసి ఇద్దరికీ పెడుతుంది."

"మన మహారాజు ఇంట్లో మాత్రం రెండు పనులూ ఒకరే చేస్తారు," అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన మేస్త్రిని బావా అంటాడు, బావ కాబట్టి ఏమైనా అంటాడు. మేస్త్రి బొమ్మలా కూర్చునే ఉన్నాడు. పెళ్ళాం మనసులోనే మెచ్చుకుంది.

టీచరమ్మ లేచి బల్ల మీద కూర్చుని టీ తీసుకుంది. "చూడండి, ఈ రకం మట్టి మీదా పెరుగుతుంది, రాతి మీదా పెరుగుతుంది. ఇక్కడ రాయి అడుగు నుంచి దిగి నేల మీదకి పాకింది. ఆ కలిసే చోట ఎక్కడా చీలిక లేదు. ఏడాదంతా చూసినా గోరంచు మందం కూడా పెరగదిది. రాయిని ఈ మధ్య జరిపి ఉంటే ఈ పొర తెగి ఉండేది. తెగలేదు. కాబట్టి రాయి జరగలేదు."

గోడౌనాయన కాసేపు రాయివైపు చూశాడు. మొండి మనిషేం కాదు. "మీరు చెప్పాక ఇంకేముందమ్మా," అన్నాడు.

హద్దు తేలిపోయిందనుకుంది మేస్త్రి భార్య. అందరికీ ఇంకో విడత టీ పోయడానికి గిన్నె ఎత్తింది. టీచరమ్మ అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. పాఠం చెప్పిన అలవాటు కొద్దీ ఆవిడ చివర్లో ఇంకో ముక్క కలిపింది.

"రాయిని తీసి ఇంకోచోట పెట్టి, రాతిపువ్వుని ఇలా అతుకు లేకుండా కలపడం ఈ భూమ్మీద ఎవరి వల్లా కాదు."

మేస్త్రి మెడ నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఎవరి వల్లా కాదా, టీచరమ్మా?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"ఏవండీ, చక్కెర అయిపోయింది, కాస్త తెచ్చిపెడతారా," అంది ఆవిడ.

"ఉంది, డబ్బాలో సగానికి ఉంది," అని ఆయన చొక్కా సర్దుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడంటే ఇక పట్టుకోవడం కష్టమని అక్కడున్న అందరికీ తెలుసు. టైలరు బల్ల చివర జాగా చూసుకుని కూర్చున్నాడు.

"పెద్ద విషయం కాదులెండి. చిన్న పని. ఒక పెద్దింటి ముందు కూర్చునే రాయి ఒకటి ఉండేది. ఇంటి ముసలావిడ దాన్ని పెరట్లోకి మార్పించాలంది. రాతి నిండా రాతిపువ్వు, ఇదే రకం, కిందకి దిగి మట్టిని పట్టుకుని ఉంది. ఒక్క పెచ్చు రాలినా కూలి ఇవ్వనంది. నలుగురు మేస్త్రీలు చూసి దండం పెట్టి వెళ్ళిపోయారు. నేనేం చేశానంటే, తడి గోనెపట్టా కప్పి, చుట్టూ మట్టిని పాలకోవా కోసినట్టు కోసి, రాయిని మట్టితో సహా ఎత్తి, పెరట్లో పెట్టి, అంచులకి గంజి రాశాను. అయిపోయింది. పొద్దున్నే ముసలావిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. అతుకు దొరకలేదు."

"ఒక్కడివే ఎత్తావా బావా?" అన్నాడు డ్రైవరు.

"రెండో చేత్తో గంజి గిన్నె పట్టుకున్నానుగా, ఇంకొకడెందుకు."

గోడౌనాయన తాగుతున్న గ్లాసు కింద పెట్టాడు. "అతుకు అసలు కనపడలేదంటారా, మేస్త్రి గారూ?"

"కనపడితే నన్నెందుకు పిలుస్తారండీ. రాతిపువ్వుకే తెలియలేదు దాన్ని జరిపామని. పాపం, అది చాన్నాళ్ళు వీధి గుమ్మంలోనే ఉన్నాననుకుని, వచ్చేపోయేవాళ్ళ కోసం గోడవైపు తిరిగి చూస్తుండేది."

టైలరు నవ్వాడు. మేస్త్రి భార్య నవ్వలేదు. గోడౌనాయన గ్లాసు కింద పెట్టిన తీరు ఆవిడ చూసింది. బిస్కెట్ల సీసా తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది, నోరు ఆడితే తిండికైనా ఆడుతుందని. ఆయన ఒకటి తీసి, కొరక్కుండా, దాన్ని రాయి అనుకుని చూపించడం మొదలుపెట్టాడు.

"ఆ పేరు ఊరూరా పాకింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక కోటీశ్వరుడు కారు పంపించాడు. ఆయన తోటలో బస్సంత బండ. దాని మీద రాతిపువ్వు ఎంత పాతదంటే, ఆ ఇంటివాళ్ళు పెళ్ళి సంబంధాలు చూసుకుంటే ముందు దాన్ని అడిగేవారట. దాన్ని నది అవతలికి మార్చాలి. నేను చూశాను. మెలకువగా ఉన్నదాన్ని మార్చితే బెదిరిపోతుంది. ఇందాక టీచరమ్మ చెప్పలా, ఎండకి నిద్రపోతుందని? అది నాకు అప్పుడే తెలుసు. ఎండలు ముదిరేదాకా తోటలోనే కూర్చున్నాను, వాళ్ళే భోజనం పెట్టారు. బాగా గురక పెట్టే సమయం చూసి..."

"రాతిపువ్వు గురక పెడుతుందా అన్నా?" అన్నాడు టైలరు.

"చెవి ఆనిస్తే వినపడుతుంది, నీ మిషను చప్పుడులో నీకేం వినపడుతుంది. గురక మీద ఉండగానే బండ ఎత్తి, పడవ ఎక్కించి, నది దాటించి, కొత్త చోట పెట్టి, గంజి రాసి, అప్పుడు నీళ్ళు చిలకరించాను. కళ్ళు తెరిచి చూసింది. చుట్టూ కొత్త చెట్లు. ఏమీ అనలేదు. పక్కకి తిరిగి మళ్ళీ పడుకుంది."

"అంత బండని మట్టి తెగకుండా ఎత్తారా," అన్నాడు గోడౌనాయన. అడిగిన తీరు పొగుడుతున్నట్టే ఉంది. "మట్టీ రాయీ కలిసే చోట పువ్వు తెగలేదా?"

"ఏవండీ," అంది ఆవిడ.

"ఉండు. ఆయన అడుగుతున్నారు." మేస్త్రి గోడౌనాయన వైపు పూర్తిగా తిరిగాడు. ఇన్నాళ్ళకి తన పనితనం గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాడు ఒకడు దొరికాడు. "తెగనిస్తానా? అందుకే కదా కొండకి నన్నే పిలిచారు."

"ఏ కొండ?" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"కొండంటే కొండే. రైలు పట్టాలకి అడ్డం వచ్చింది. తవ్వేద్దామంటే ఆ కొండ మీదున్న ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. పక్కకి జరపాలి. ఇంజనీర్లు వచ్చారు, గొలుసులు కట్టారు, యంత్రాలు పెట్టి లాగారు, గొలుసులు తెగాయి, ఇంజనీర్లకి జ్వరాలొచ్చాయి. నేను వెళ్ళి కొండ చుట్టూ ఓసారి నడిచి వచ్చి, అయ్యా, మీరు లాగుతున్నది కొండని కాదు, కొండ బరువు పెద్ద లెక్కలోది కాదు, దాన్ని నేలకి పట్టి ఉంచింది రాతిపువ్వు, అన్నాను. కొండ అడుగున చుట్టూతా మట్టినీ రాతినీ కలిపి కుట్టేసినట్టు పట్టుకుని ఉంది. అది వదిలితే కొండ దూది."

"ఎలా వదిలిస్తావు మరి?" అన్నాడు డ్రైవరు. ఆయన టీ చల్లారిపోయి చాలాసేపైంది.

"అదే నా విద్య. టీచరమ్మ చెప్పారుగా, అందులో ఇద్దరున్నారని, ఇల్లు కట్టేది ఒకటి, వంట చేసేది ఒకటి. అంటే మొగుడూ పెళ్ళాలు. నేను కొండ దగ్గర కూర్చుని వాళ్ళిద్దరికీ తగువు పెట్టాను. ఇటు వంగి, అమ్మా, ఎండలో మాడి వండేది నువ్వు, పేరేమో ఆయనది, అన్నాను. అటు వంగి, అయ్యా, నువ్వు పట్టుకోకపోతే ఈవిడ ఎప్పుడో గాలికి పోయేది, ఆ కృతజ్ఞత ఉందా, అన్నాను. పొద్దుటికల్లా ఇద్దరూ చెరోవైపు తిరిగి పడుకున్నారు. పట్టు సడలింది. కొండ కిందకి చెయ్యి పోనిచ్చాను. ఊరుతో సహా లేచి వచ్చింది. ఊళ్ళో ఎవరింట్లోనో పాలు పొయ్యి మీద ఉన్నాయట, పొంగలేదు."

టీచరమ్మ కూడా నవ్వేసింది. ఆవిడకి ఇంకా విషయం తట్టలేదు.

"కొత్త చోట దింపాక రాతిపువ్వుకి మళ్ళీ కాపురం కుదర్చాలి కదా. బతిమాలి, సర్దిచెప్పి, ఇద్దరి చేతులూ కలిపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కదలకుండా కూర్చునీ కూర్చునీ నా మోచేతుల మీద కూడా రాతిపువ్వు మొలిచింది. ఇంటికొస్తే ఈవిడ గుర్తుపట్టలేదు, అడగండి. అన్నీ కుదిరాయి కానీ ఒక్కటే పొరపాటు జరిగింది. కొండ వచ్చింది, నీడ రాలేదు. నీడ అడుగున కూడా రాతిపువ్వు పట్టి ఉంది, అది నేను చూసుకోలేదు. ఇప్పటికీ పాత చోట ఎండలో రైలు వెళ్తుంటే ఒక్క క్షణం చీకటి పడుతుంది. లోపల ఉన్నవాళ్ళు సొరంగం అనుకుంటారు."

డ్రైవరు తొడ మీద కొట్టుకుని నవ్వాడు. టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రి బిస్కెట్టు టీలో ముంచి తృప్తిగా కొరికాడు.

ఆ నవ్వంతా తగ్గేదాకా గోడౌనాయన ఓపిగ్గా ఆగాడు.

"చాలా బాగుంది మేస్త్రి గారూ. కొండ సంగతి నేనడగను. ఆ మొదటి రాయి, ముసలావిడది, అది మాత్రం మీరే జరిపారు కదా?"

"నేను కాక ఇంకెవరు."

"అతుకు కనపడకుండా, మట్టితో సహా."

"మరి."

"అయితే టీచరమ్మ గారూ," అని ఆయన ఆవిడ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "పువ్వు తెగలేదు కాబట్టి రాయి జరగలేదన్నారు మీరు. పువ్వు తెగకుండా రాయి జరపడం తన విద్యే అని ఈయన మనందరి ముందూ చెప్పారు. రాయి ఉన్నది ఈయన కొట్టు పక్కన. ఇప్పుడు మీరే చెప్పండి."

మేస్త్రి నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. తను చెప్పిన కథ చుట్టూ తిరిగొచ్చి తన పొయ్యి కిందకే దూరిందని ఆయనకి అప్పుడు తెలిసింది. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"మేస్త్రీ, అది నిజంగా చేశావా?" అని అడిగింది.

ఆయన చేశానంటే కొట్టు పోతుంది. చేయలేదంటే ఇంతమంది ముందు, ఇన్నేళ్ళ మాటా పోతుంది. ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపులో, ఏదో ఒకటి చెయ్యి, అన్న అర్థం ఆవిడకి కనపడింది. ఏం చేయమన్నాడో మాత్రం ఆయనకే తెలిసుండదు. ఆవిడకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండిట్లో ఏది ముందో ఆవిడకే తెలియలేదు.

గిన్నె దింపి చేతులు తుడుచుకుని ఆవిడ ముందుకొచ్చింది.

"ఆ పెద్దిల్లంటే ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉంటున్న ఇల్లు. ఆ రాయి ఇంకా వీధి గుమ్మం పక్కనే ఉంది. పెరట్లోకి పోలేదు," అంది.

టైలరు దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. "అవును, మొన్న పన్ను పీకించుకుని దాని మీదే కూర్చున్నా. పక్కంతా ఈ పువ్వే."

"ఆ రోజు రాయి కదల్లేదు. కదిలింది ఈయన నడుము. నలుగురు మేస్త్రీలు వద్దన్న మాట నిజమే. ఈయన ఒక్కడే ఎత్తుతానని పోయి వంగాడు, మళ్ళీ లేవలేదు. తలుపు మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. అప్పట్నించి బిందెడు నీళ్ళు కూడా ఎత్తలేడు. వేరే వీధిలో ఉండేవాళ్ళం, నొప్పి కాస్త తగ్గాకే ఇక్కడికొచ్చి ఈ కొట్టు పెట్టాం, కాబట్టి మీకెవరికీ తెలీదు. ఈ కొట్టు అరుగుకి రాళ్ళు పేర్చింది కూడా నేనూ మా తమ్ముడూ. ఈ హద్దురాయి మేం వచ్చేసరికే ఇలా ఉంది. దాన్ని జరపడం కాదు, కాలు జారి దాని మీద పడితే లేపాల్సింది నేనే."

ఇన్నాళ్ళూ మహారాజు అన్న డ్రైవరు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మేస్త్రి కూర్చున్న చోట మనిషి సగమైనట్టు కనపడ్డాడు. ఆవిడ ఆయన వైపు చూడలేకపోయింది. అన్నేళ్ళు దాచిన మాటని పొయ్యి ముందు, టీ తాగేవాళ్ళ మధ్య పరిచేసింది. పరచకపోతే పొయ్యే ఉండదు.

గోడౌనాయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "ఇంతదాకా వచ్చాక అడగక తప్పదు. మేస్త్రి గారూ, మీ ఆవిడ చెప్పింది నిజమేనా?"

మేస్త్రి బిస్కెట్టు మింగడానికి కొంచెం సమయం పట్టింది.

"ఆవిడకి అబద్ధం చెప్పడం రాదండీ," అన్నాడు. "నేర్పిద్దామని చాలా చూశాను."

తర్వాత తల దించుకుని, "ఆ రాయి నేను ఎత్తలేకపోయాను," అన్నాడు.

గోడౌనాయన లేచి హద్దురాయి దగ్గరికి నడిచి వెళ్ళి, కింద మట్టిని ఓసారి చూసి తిరిగొచ్చాడు. "రాయి ఉన్నచోటే ఉండనివ్వండి. లారీలు అటువైపు నుంచి తిప్పుకుంటాను," అని టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. టీచరమ్మ కూడా భూతద్దం సంచీలో వేసుకుంది. వెళ్తూ మేస్త్రి భుజం మీద ఓసారి చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేయకపోతే బాగుండేదనిపించింది మేస్త్రి భార్యకి. డ్రైవరు నిండు నీళ్ళ డబ్బా ఎత్తి పొయ్యి పక్కన పెట్టి వెళ్ళాడు. టైలరు మిషను మళ్ళీ మొదలైంది.

ఇద్దరే మిగిలారు. ఆవిడ గ్లాసులు కడుగుతోంది. కొట్టు దక్కింది. కానీ రేపటి నుంచి ఈ బల్ల మీద ఈయన ఏం మాట్లాడతాడు, ఎవరు వింటారు అన్నదే ఆలోచన. క్షమించమని అడుగుదామనుకుంది. అలా అడగడం ఆవిడకి అలవాటు లేదు, అడిగించుకోవడం ఆయనకీ అలవాటు లేదు.

మేస్త్రే ముందు నోరు విప్పాడు.

"రాయి సంగతి చెప్తే చెప్పావు. నడుము సంగతీ చెప్పావు, సరే, తప్పదు. అన్నేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నానే, ఆ కొండని కూడా ఎందుకు తీసేశావు?"

ఆవిడ గ్లాసు కడగడం ఆపింది. తను అన్న ప్రతి మాటా మళ్ళీ మనసులో చూసుకుంది.

"కొండ గురించి నేనేమీ అనలేదు," అంది.

ఆయన కూడా ఆలోచించాడు. ముసలావిడ రాయి, నడుము, బిందె, అరుగు, హద్దురాయి. వేళ్ళు మడిచి చూసుకున్నాడు. కొండ మాట ఎక్కడా రాలేదు. గోడౌనాయన కూడా అడగనన్నాడు.

"అనలేదు కదూ," అన్నాడు.

"అనలేదు."

మేస్త్రి చెయ్యి నడుముకి ఆనించి, నెమ్మదిగా నిటారుగా కూర్చుని, చొక్కా సర్దుకున్నాడు.

"అయితే కొండ అక్కడే ఉంది," అన్నాడు.